సత్తు రంగు

పోయిన సెప్టెంబరు 26న చండీగఢ్‌లో మిగ్-21 విమానాలకి వీడ్కోలు చెబుతుంటే టీవీలో లైవ్ ఇచ్చారు. శుక్రవారం. నేను బ్యాంకుకి సెలవు పెట్టి నాన్న పక్కన కూర్చున్నాను. 1963లో మన వాయుసేనలోకి వచ్చిన విమానం, 62 ఏళ్ళ తర్వాత ఆఖరిసారి ఎగిరి దిగుతోంది. యాంకర్ల గొంతులు పూడుకుపోతున్నాయి. నాన్న కళ్ళలో నీళ్ళొస్తాయేమోనని ఓరగా చూశాను. ఆయన కాసేపు చూసి, రిమోటు నా ఒళ్ళో పడేసి, "ఇవి మావి కావురా. వీటికి రంగేశారు," అన్నాడు.

"మరి మీవి?"

"మావాటికి రంగేంటి? ఉత్త రేకు. ఎండలో నిలబెడితే కళ్ళు చిట్లించుకోకుండా చూళ్ళేకపోయేవాళ్ళం."

నాన్న వాయుసేనలో ఎయిర్‌ఫ్రేమ్ ఫిట్టరు. అంటే ఇంజనూ, ఆయుధాలూ కాకుండా విమానం ఒళ్ళంతా ఆయన బాధ్యత. 1965లో, పందొమ్మిదేళ్ళప్పుడు, సామర్లకోట స్టేషన్లో మెయిలెక్కి వెళ్ళినవాడు 1980లో తిరిగొచ్చాడు. తర్వాత రైసుమిల్లులో ఫోర్‌మన్‌గా చేశాడు. ఆ పదిహేనేళ్ళ గురించి మాకు తెలిసింది చాలా తక్కువ. అస్సాంలో చలి, అక్కడి చేపలు మన పులసకి పనికిరావనీ, అంతే.

నాకేమో పాతికేళ్ళుగా ప్లాస్టిక్ విమానాలు చేసే పిచ్చి. కిట్ తెప్పించి, ముక్కలు అతికించి, రంగులేసి, అద్దాల బీరువాలో పెట్టుకోవడం. మేడ మీద గదిలో ఆ బీరువా నిండిపోయి రెండోది వచ్చింది. నాన్న ఈ పాతికేళ్ళలో ఆ గదిలోకి నాలుగైదు సార్లు వచ్చి ఉంటాడు. వచ్చినప్పుడల్లా ఒకటే ప్రశ్న, "వీటికెంతయ్యిందేంటి?" నేను సగం చెప్పేవాణ్ణి.

ఆ రోజు ఏమనిపించిందో, "నాన్నా, మీ రంగు లేని మిగ్ చేసిస్తాను," అన్నాను.

"ఎప్పటికి?"

"దీపావళికి."

నాన్న ఏ వస్తువైనా కావాలని అడగడం నాకు గుర్తులేదు. ఆ మాటకి మాత్రం, "బాగా చెయ్యి మరి," అన్నాడు.

* * *

ఈ బొమ్మల పనిలో అందరూ భయపడేది రంగు లేని విమానానికే. ఆకుపచ్చ, మట్టి, బూడిద రంగులు దయగలవి. అతుకు దగ్గర చిన్న గీత ఉన్నా, జిగురు చుక్క పడి ఎండిపోయినా, వాటి కింద దాగిపోతాయి. వెండి రంగు అలాక్కాదు, చాడీలు చెప్పే పిల్లలాంటిది. మీరు ఎక్కడ తొందరపడ్డారో, ఎక్కడ అరగదీయడం సగంలో మానేసి భోజనానికి వెళ్ళారో, అన్నీ వచ్చినవాళ్ళకి చెప్పేస్తుంది. మామూలు రంగు కింద కనపడని గీత వెండి పడగానే చెరువు గట్టు మీద పగులులా లేచి నిలబడుతుంది.

రెండో కష్టం, వెండి రంగన్నది నిజానికి రంగు కాకపోవడం. డబ్బాలో ఉండేది అల్యూమినియం పొడి. సన్నని పొలుసులు. మామూలు సిల్వర్ పెయింటులో ఆ పొలుసులు కాస్త ముతకగా ఉండి, ఎటు పడితే అటు తిరిగి ఎండిపోతాయి. ఒక్కోటీ వెలుగుని ఒక్కో పక్కకి విసురుతుంది. అందుకే గేట్లకి, కరెంటు స్తంభాలకి వేసిన సిల్వర్ దూరం నుంచి బూడిద రంగులా కనిపిస్తుంది. ఆ పొలుసులన్నీ నీటి మీద ఆకుల్లా బోర్లా పరుచుకుంటేనే రేకులా కనిపించేది.

ఇదంతా నాకు తెలుసు. తెలిసీ మొదటిసారి దగ్గరదారి వెతుక్కున్నాను. చేసేది 1/48 కిట్, అంటే అసలు విమానంలో నలభై ఎనిమిదో వంతు, పొడవు దాదాపు అడుగు. అంత చిన్న వస్తువు అద్దంలా మెరిస్తే బొమ్మలా ఉంటుందనీ, ఎంత దూరం నుంచి చూస్తున్నట్టు చేస్తున్నామో ఆ దూరానికి తగ్గట్టు మెరుపు చంపాలనీ మా వాళ్ళలో ఒక వాదం ఉంది. తప్పు వాదమేం కాదు. దాన్ని పట్టుకుని, సామాన్ల షాపులో స్ప్రే డబ్బా సిల్వర్ కొని, దీపావళి వెళ్ళిన వారానికి కొట్టాను.

కొట్టిన రోజు చూడాల్సింది. మొంథా తుఫాను తీరం దాటింది అక్టోబరు 28 రాత్రి. నేను రంగేసింది దానికి రెండు రోజుల ముందు. సముద్రం కాకినాడలో ఉన్నా గాలి మా ఇంట్లోనే ఉంది. గోడలు చెమటలు కక్కుతున్నాయి. లక్క జాతి రంగుల్లో ద్రావకం వేగంగా ఎగిరిపోతుంది. అలా ఎగిరేటప్పుడు కింది తలాన్ని చల్లబరుస్తుంది. గాలిలో తేమ ఎక్కువుంటే అది సన్నటి మంచులా ఆ చల్లటి పూత మీద వాలుతుంది. పూత తెల్లగా పాలిపోతుంది. ఎడమ రెక్క అలా పాలిపోయింది. పైన ఇంకో పొర కొట్టి కప్పెట్టాను. అప్పుడే కరెంటు పోయింది. రెండు రోజుల తర్వాత వచ్చింది.

నవంబరు మొదటివారంలో మిగ్ తీసుకెళ్ళి నాన్న ముందు బల్ల మీద పెట్టాను. కళ్ళజోడు తుడుచుకుని అటూ ఇటూ తిప్పాడు. ముక్కు కొన ఆకుపచ్చ చూసి తల ఊపాడు. తోక పైకొన, చక్రాల మధ్య భాగం కూడా ఆకుపచ్చే. రష్యావాళ్ళ అలవాటు. అదీ సరిపోయింది. తర్వాత అన్నాడు, "మిగతాదంతా సత్తు గిన్నెలా ఉందిరా."

మా వంటింట్లో ఇప్పటికీ ఒక సత్తు గిన్నె ఉంది. నాయనమ్మది. నాకు ఉక్రోషం వచ్చింది. "నాన్నా, విమానం కూడా సత్తే కదా," అన్నాను.

"సత్తు అన్నమొండుకుంటది. విమానం ఆకాశంలో ఎగురుద్ది. రెండూ ఒకటేనేంటి?"

* * *

సత్తుకీ విమానానికీ తేడా ఉన్నమాట నిజం. ఉత్త అల్యూమినియం మెత్తన. గిన్నెకి సొట్ట పడ్డట్టే రెక్కకీ పడుతుంది. 1906లో ఆల్‌ఫ్రెడ్ విల్మ్ అనే జర్మన్ లోహశాస్త్రవేత్త, కాస్త రాగి, మెగ్నీషియం కలిపిన అల్యూమినియాన్ని కాల్చి చల్లార్చి కొన్నాళ్ళు వదిలేస్తే అదే గట్టిపడుతోందని గమనించాడు. దాని పేరు డ్యూరాల్యూమిన్. విమానాలు కర్ర, గుడ్డ వదిలి లోహంలోకి రావడానికి అదే దారి. కానీ రాగి కలిసింది కాబట్టి దానికి తుప్పులాంటి జబ్బుంది. దానికి మందు, ఆ గట్టి రేకుకి రెండు పక్కలా పల్చగా శుద్ధ అల్యూమినియం పొర తొడగడం. ఆల్‌క్లాడ్ అంటారు. లోపల గట్టిది, పైన మెత్తటిదీ మెరిసేదీ. మా బొమ్మల వాళ్ళు ఎక్కువగా వాడే లోహపు రంగు ఒకటి ఆ పేరే పెట్టుకుంది.

విమానానికి రంగు ఎందుకు మానేస్తారన్నది కూడా ఒక కథే. రెండో ప్రపంచయుద్ధంలో 1944 నాటికి అమెరికా వాళ్ళకి ఆకాశం మీద పట్టు చిక్కింది. దాక్కోవాల్సిన పని తగ్గింది. రంగంటే బరువు, బరువంటే వేగం తగ్గడం, ఫ్యాక్టరీలో ఒకరోజు ఎక్కువ పని. అందుకని ఉత్త రేకుతోనే పంపడం మొదలుపెట్టారు. అందులోనూ ఒక మోసం ఉంది. మస్టాంగ్ విమానం ఫోటోల్లో నిలువెల్లా రేకులా కనిపిస్తుంది. దాని రెక్కలకి మాత్రం రివెట్లూ అతుకులూ కనపడకుండా లప్పం పెట్టి, నునుపు చేసి, సిల్వర్ పెయింట్ వేసేవాళ్ళు. దాన్ని బొమ్మగా చేసేవాళ్ళు రెక్కలకి రంగులాంటి వెండి, ఒంటికి రేకులాంటి వెండి, రెండు వెండ్లు వెయ్యాలి.

ఇవన్నీ నాన్నకి చెప్పాను. మన మిగ్‌ల పాత ఫోటోలు లాప్‌టాప్‌లో పెట్టి చూపించాను. "చూడు, ఎంత బూడిదగా ఉందో. నేనేసింది ఇదే రంగు."

నాన్న ఫోటోలకేసి చూసి, "ఫోటోలకేం తెలుసు? నేను తుడిచినవాణ్ణి," అన్నాడు. తర్వాత కాసేపాగి, "పొట్ట పచ్చగా ఉండాలి," అన్నాడు.

"పచ్చగా అంటే? పసుపా?"

"పసుపేంటిరా, ఆకుపచ్చ. వరిచేను పచ్చ. వాన వెలిశాక మరీను."

నాకు గుండె జారింది. ఎందుకో చెప్పాలి.

* * *

అమ్మ పోయి రెండేళ్ళయింది. అప్పట్నుంచీ నాన్న కొన్ని మర్చిపోతున్నాడు. వయసుతో వచ్చే మరుపా, మరొకటా అన్నది తేలలేదు. కాకినాడలో డాక్టరుగారు, "మీరు అనుమానపడ్డవి ఏరోజుకారోజు తారీఖు వేసి రాసి పెట్టండి. ఆర్నెల్ల తర్వాత చూద్దాం," అన్నారు. ఫోనులో ఒక లిస్టు మొదలుపెట్టాను. గ్యాసు కట్టెయ్యలేదు. పెన్షన్ పుస్తకం బియ్యం డబ్బాలో పెట్టాడు. నన్ను బాబాయి పేరుతో పిలిచాడు. భీమేశ్వరుడి గుడికని వెళ్ళి కాలవ వంతెన దగ్గర నిలబడిపోతే ఆటో అబ్బాయి తీసుకొచ్చాడు. ఆ లిస్టు సంగతి నాన్నకి తెలీదు. తండ్రి మాటల్లో తప్పులు వెతికి తారీఖులేసి దాచుకోవడం ఎలాంటి పనో రాస్తుంటే తెలుస్తుంది. కొన్నాళ్ళకి ఆయన ఏం మాట్లాడినా నా చెవి సగం వినడానికీ సగం రాసుకోవడానికీ అన్నట్టు తయారైంది.

పొట్ట ఆకుపచ్చ అనేసరికి నాకు వెంటనే కారణాలు తోచాయి. ముక్కు కొన ఆకుపచ్చ, చక్రాలు ఆకుపచ్చ. అవి పొట్టకి పాకి ఉంటాయి. లేదా 1971. అది నాన్న ఆ సాయంత్రమే మొదటిసారి చెప్పిన కథ. యుద్ధం వస్తోందనగా మెరిసే రేకు పైనుంచి శత్రువుకి కనిపించకూడదని హడావుడిగా రంగులేశారట.

"ఎయిర్‌బ్రష్షులా?" అన్నాను.

"గోడలకేసే బ్రష్షులురా. ఆకుపచ్చ, మట్టి రంగు. ఎవడికి తోచినట్టు వాడు. ఒక విమానంలా ఇంకోటి లేదు. నాలుగేళ్ళు తుడిచి మెరుగుపెట్టిన రేకు మీద, ఇదే చేత్తో, చారలు చారలుగా." చెయ్యి చూపించాడు. ఇంకా ఆ చెయ్యి మీద కోపం పోనట్టుంది.

ఆ ఏడాది డిసెంబరు 14న గౌహతి నుంచి లేచిన మిగ్-21లు ఢాకాలో గవర్నర్ నివాసం మీద రాకెట్లు కొట్టాయి. గవర్నర్ ఆ రోజే రాజీనామా చేశాడు. రెండు రోజుల తర్వాత యుద్ధం ముగిసింది. నాన్న అస్సాంలోనే ఉన్నాడు. వాటి గురించి ఒక్క ముక్క చెప్పలేదు, బ్రష్షు చారల గురించే చెప్పాడు.

"అయితే నువ్వు చెప్పే ఆకుపచ్చ ఆ రంగే అయ్యుంటుంది నాన్నా," అన్నాను మెల్లిగా.

"అది పైన. పొట్టకెవడేశాడు? నే చెప్పేది రంగేసిన పచ్చ కాదు. రేకే పచ్చగా ఉండేది."

"రేకు ఆకుపచ్చగా ఎలా ఉంటుంది?"

నాన్న నావైపు చాలాసేపు చూశాడు. "నాకు మతి పోయిందనుకుంటున్నావా?" అన్నాడు.

లేదన్నాను. మేడ మీదకెళ్ళి ఫోను తీసి రాశాను: నవంబరు 9. మిగ్ పొట్ట ఆకుపచ్చగా ఉండేదని గట్టిగా అంటున్నాడు.

* * *

డిసెంబరులో నాన్న కుడికంటికి శుక్లం తీయించాం. కట్టు విప్పిన మర్నాడు ఉదయం ఇంట్లో ఒకటే సందడి. గోడలు కడిగినట్టున్నాయంటాడు, పంచె ఇంత తెల్లగా ఎవరుతికారంటాడు. శుక్లం పట్టిన కంటికి లోకం పాత కాగితంలా పసుపుబారి కనిపిస్తుంది. ఏళ్ళ తరబడి అదే చూస్తాం కాబట్టి తెలియదు. అది తీసేసరికి తెలుపులో నీలం బయటపడుతుంది. నాన్న బల్ల మీద మిగ్‌ని చేతిలోకి తీసుకుని, ఒక కన్ను మూసి చూశాడు, రెండో కన్ను మూసి చూశాడు. "ఈ కంటికి కొత్త గిన్నె, ఆ కంటికి పాత గిన్నె," అన్నాడు. మా ఆవిడ నవ్వాపుకోలేక వంటింట్లోకి పారిపోయింది. "ఏ కంటికైనా గిన్నే," అని పూర్తిచేశాడు.

నేనూ నవ్వాను గానీ ఆ రాత్రి అదే ఆలోచన. ఒకే మనిషికి రెండు కళ్ళలో రెండు వెండి రంగులు. నేను ఫోటోలు పట్టుకుని ఏ కంటితో వాదిస్తున్నట్టు? ఆ ఫోటోలు తీసిన ఫిల్ములు, అవి పాతబడ్డ తీరు, స్కాన్ చేసినవాడి చెయ్యి, ఇవన్నీ కూడా శుక్లాలే కదా.

మర్నాడు ఆ మిగ్ రంగు మొత్తం కడిగేశాను.

రెండోసారి దగ్గరదారి లేదు. పెద్దాపురం రోడ్డులో కార్ల డెంటింగ్, పెయింటింగ్ చేసే మేస్త్రి ఒకాయన ఉన్నాడు. నా బండికి పని చేస్తున్నప్పుడు అడిగాను, కారుకి సిల్వర్ అంత బాగా ఎలా వస్తుందని. "సిల్వర్‌లో ఏం లేదండి బాబూ. కిందది బాగుంటే పైది బాగుంటది. మా కుర్రోళ్ళు పేపరు కొట్టడానికి ఏడుస్తారు, అదీ సంగతి," అన్నాడు. ఆయన దగ్గరే 800 నుంచి 2000 దాకా వాటర్ పేపర్లు కొన్నాను.

ఆ మాట నేను అంతకుముందూ విన్నాను. చిన్నప్పుడు మా వీధిలోకి కళాయి వేసేవాడు వచ్చేవాడు. నేలలో చిన్న గొయ్యి తీసి, బొగ్గులు పోసి, తిత్తితో ఊదేవాడు. నాయనమ్మ ఇత్తడి గిన్నెలన్నీ తీసి వరసపెట్టేది. మేం పిల్లలం తగరం కరిగి గిన్నె నిండా వెన్నెల్లా పాకే ఆ ఒక్క క్షణం కోసం కాచుక్కూర్చునేవాళ్ళం. కానీ అతని కష్టమంతా దానికి ముందే. గిన్నెలో ఇసక పోసి, అందులోకి దిగి, కాళ్ళతో అటూ ఇటూ తిరిగి తిరిగి మకిలి వదిలించేవాడు. తర్వాత వేడి మీద నవాసారం చల్లితే పొగ లేచేది, మిగిలిన మురికి పోయేది. తగరం పులమడం అరనిమిషం పని. ఒకసారి అతను తొందరలో ఉంటే నాయనమ్మ గిన్నె వెనక్కి లాక్కుంది. "తోమకుండా వేస్తే ఆర్నెల్లు ఆగదు, నాకు తెలుసు," అంది.

పది రోజులు తోమాను. అతుకుల మీద లప్పం, మీద వాటర్ పేపరు, నీళ్ళు, మళ్ళీ పేపరు. అరగదీస్తుంటే అసలున్న ప్యానెల్ గీతలు కూడా అరిగిపోతాయి. వాటిని సూదితో మళ్ళీ గీసుకోవాలి. చివర పళ్ళు తోముకునే పేస్టు మెత్తటి గుడ్డ మీద వేసి రుద్దాను. కళ్ళు మూసుకుని గోరు పెట్టి లాగితే ఎక్కడా తగలకూడదు. గోరుకి తగిలింది కంటికి తగులుతుంది.

ఆ పైన నిగనిగలాడే నలుపు. కొత్తవాళ్ళు నమ్మరు. వెండి కింద నలుపేంటంటారు. లోహపు రంగుల్లో పొలుసులు ఎంత సన్నం అంటే అవి కింది తలం ఎలా ఉంటే అలా పరుచుకుంటాయి. కిందది గాజులా ఉంటే ఇదీ గాజులా ఉంటుంది. నలుపు కింది నుంచి వెలుగు తిరిగిరానివ్వదు కాబట్టి లోతు వస్తుంది. మా ఊళ్ళో ఆ నలుపే పెద్ద పరీక్ష. మిల్లుల నుంచి ఊక నుసి ఎప్పుడూ గాలిలో ఉంటుంది. తడి నలుపు మీద ఒక్క నుసి వాలితే మళ్ళీ మొదటికి. గది కడిగి, ఫ్యాను కట్టేసి, తెల్లవారుజామున నాలుగింటికి కొట్టాను. మూడోసారికి కుదిరింది. రెండు రోజులు అట్టపెట్టె కింద మూసిపెట్టాను, కోడిపిల్లని గంప కింద మూసినట్టు.

వెండి వేసింది సంక్రాంతి వెళ్ళాక. మా గోదావరి వైపు ఈ పనికి ఏడాదిలో ఉన్నది ఆ ముప్పై, నలభై రోజులే. వానాకాలం పాలిపోతుంది. ఎండాకాలం రంగు గాలిలోనే ఎండిపోయి పిండిలా రాలుతుంది. సంక్రాంతికీ శివరాత్రికీ మధ్య గాలి పొడిగా, చల్లగా ఉంటుంది. ఎయిర్‌బ్రష్ ఒత్తిడి పదిహేను పీఎస్ఐ దాటనివ్వకుండా, పొగలాంటి పల్చటి పొరలు, ఒకదానిమీద ఒకటి. ఇక్కడ అందరూ చేసే తప్పు ఇంకొక్క పొర వెయ్యడం. నలుపు మాయమై వెండి నిలబడ్డ క్షణంలో చెయ్యి తీసెయ్యాలి. తర్వాత మాస్కింగ్ టేపు అంటించి, కొన్ని ప్యానెళ్ళకి కాస్త ముదురు, కొన్నిటికి తెల్లటి అల్యూమినియం. అసలు విమానంలో ఏ రెండు రేకులూ ఒకేలా ఉండవు. రేకు సాగదీసిన దిక్కు వేరు, కలిసిన లోహం వేరు. తోక చివర మంట వచ్చే గొట్టం చుట్టూ కాలిన ఉక్కు రంగు.

బాగా వచ్చింది. ఇన్నేళ్ళలో నేను చేసినవాటిలో బాగా వచ్చింది అదే. అయినా వెంటనే కిందకి తీసుకెళ్ళలేదు. ఇంకోసారి సత్తు గిన్నె అనిపించుకునే ఓపిక లేక.

* * *

శివరాత్రికి వారం ముందు ఆదివారం ఫోటోలు తీద్దామని దాన్ని ఇంటి వెనక గట్టు మీదకి తీసుకెళ్ళాను. దాళ్వా నాట్లు పడి నెల దాటింది. కాలవ నీళ్ళు పారుతున్నాయి. చేను ఒత్తుగా లేచి ఉంది. గట్టు మీద నీలం ప్లాస్టిక్ స్టూలు వేసి, దాని మీద మిగ్‌ని నిలబెట్టి, వంగి కెమెరాలోంచి చూశాను. పొట్ట నీలంగా ఉంది.

పైనున్న ఆకాశం నీలం పొట్టకెలా వచ్చిందని రెండు క్షణాలు అలాగే ఉండిపోయాను. స్టూలు నీలం.

మిగ్‌ని చేతిలోకి తీసుకున్నాను. చేను మీదకి చాపాను. ముక్కు దగ్గర మొదలై, రెక్కల కింద, తోక దాకా, పొట్టంతా ఆకుపచ్చగా మారింది. వరిచేను పచ్చ. చెయ్యి వెనక్కి లాగితే పోయింది. మళ్ళీ చాపితే వచ్చింది. నీళ్ళున్న మడి మీదకి పట్టుకుంటే ఇంకా ముదిరింది.

నేను పాతికేళ్ళుగా ఏ వెండి సరైన వెండి అని డబ్బాలు పోలుస్తూ గడిపాను. రేకుకి తనదంటూ రంగుండదు. చుట్టూ ఏముంటే అదే దాని రంగు. మంచి రేకుకి పైన ఆకాశం, కింద నేల ఉంటాయి. నేల అస్సాంలో, వాన వెలిసిన సాయంత్రం, మోకాలెత్తు గడ్డి అయితే పొట్ట ఆకుపచ్చగానే ఉంటుంది. దాని కింద వెల్లకిలా పడుకుని రివెట్లు తడుముకునే పాతికేళ్ళ కుర్రాడికి ఆ పచ్చ మొహానికి మూరెడు దూరంలో కనపడుతుంది. నిలబడి దూరం నుంచి ఫోటో తీసినవాడికి కనపడదు. నా మొదటి బొమ్మ మీదా కనపడేది కాదు. సత్తు గిన్నె దేన్నీ చూపించదు.

నాన్నని చెయ్యి పట్టుకుని గట్టు మీదకి తీసుకొచ్చాను. చేను మీద మిగ్‌ని పట్టుకుని చూపించాను. "నాన్నా, పచ్చగా ఉంది చూడు."

నేను ఏదో పెద్ద మాట వస్తుందనుకున్నాను. నాన్న ఒక కన్ను మూసి చూశాడు, రెండోది మూసి చూశాడు. "చెప్పాను కదరా మరి," అన్నాడు. ఆ వెంటనే, "మీ అమ్మ టిఫిను పెట్టిందా?" అన్నాడు.

"లేదు నాన్నా," అన్నాను. మా ఇంట్లో ఆ ప్రశ్నకి ఇప్పుడు అదే జవాబు.

లోపలికొచ్చాక ఫోను తీసి లిస్టు తెరిచాను. నవంబరు 9 మీద వేలు పెట్టి తీసేశాను. పైన పదకొండు, కింద ఆరు అలాగే ఉన్నాయి. అందులో వంతెన దగ్గర నిలబడిపోయిన రోజు ఉంది. పొద్దున గట్టు మీద అడిగింది ఇంకా రాయలేదు. రాయాలి. డాక్టరుగారికి చూపించాలి. కానీ తీసేసిన ఆ ఒక్కటి చూసుకుంటే, మిగతావాటిలోనూ నేను స్టూలు చూడకుండా పొట్టే చూసి రాసినవి ఎన్నున్నాయో అనిపించింది. డాక్టరుగారు తారీఖులు రాయమన్నారు. ఇప్పుడు తారీఖు పక్కన ఎక్కడ, చుట్టూ ఎవరున్నారు, ఏ వేళ అన్నది కూడా రాస్తున్నాను.

మిగ్ మేడ మీద బీరువాలోకి వెళ్ళలేదు. నాన్న మంచం పక్కన కిటికీలో ఉంది. కిటికీ బయట అరటిచెట్లున్నాయి. మొన్న కాఫీ ఇద్దామని వెళ్ళేసరికి ఆయన దాన్ని ఒళ్ళో పెట్టుకుని భుజం మీద తువ్వాలుతో తుడుస్తున్నాడు. ముక్కు నుంచి తోకకి, ఒకే దిక్కున, గాలి పోయే దిక్కున. చివరికెళ్ళాక చెయ్యెత్తి మళ్ళీ ముక్కు దగ్గర మొదలుపెడుతున్నాడు. వెనక్కి ఒక్కసారి కూడా రుద్దలేదు.

ఆ పూత అంత సన్నంగా ఉంటుంది, తువ్వాలుతో తుడిస్తే నాలుగు నెలల్లో అంచుల దగ్గర నలుపు బయటపడుతుంది. కాఫీ బల్ల మీద పెట్టి, తుడవడం అయ్యేదాకా నిలబడ్డాను.